ఊహలో ఒళ్ళు తిప్పితే దిక్కులెందుకు తారుమారవుతాయి?

మీరడిగింది క్లుప్తంగా ఇదీ: కూచిపూడి క్లాసులో టీచరుగారు ఎదురుగా నిలబడి చూపిస్తే మీ అమ్మాయి కుడికి బదులు ఎడమ చెయ్యి ఎత్తుతోంది. మీకేమో విజయవాడ బెంజి సర్కిల్ కూడలి దగ్గర ఫోన్లో మ్యాపును గిర్రున తిప్పితే తప్ప దారి అర్థం కావడం లేదు. “కళ్ళు మూసుకుని నువ్వే అక్కడ నిలబడ్డట్టు ఊహించుకో” అన్న సలహా ఇద్దరికీ పనిచెయ్యలేదు. ఇది ఏకాగ్రత లోపమా, లేక ఊహలోని ఒంటి స్థితి నిజంగానే చుట్టూ ఉన్న చోటు తెలిసే తీరును మారుస్తుందా?

ఏకాగ్రత లోపం కాదండి. ఇద్దరిదీ ఒకటే ఇబ్బంది. ఊహలో శరీరాన్ని పక్కకు జరపడం తేలిక, తిప్పడం కష్టం. తిప్పినప్పుడు ఊహలోని శరీరం ఒక దిక్కు చెబుతుంది, కుర్చీలో కూర్చున్న అసలు శరీరం ఇంకో దిక్కు చెబుతుంది. ఆ పేచీలో చాలాసార్లు గెలిచేది అసలు శరీరమే. అందుకని “ఇంకా గట్టిగా ఊహించుకో” అంటే లాభం లేదు. అసలు శరీరాన్ని కాస్త తోడు తీసుకోవాలి, లేదా దాని నోరు మూయించాలి. రెండిటికీ పద్ధతులున్నాయి.

ముందు జరగడానికీ తిరగడానికీ ఉన్న తేడా చూద్దాం. ప్రకాశం బ్యారేజీ మీద విజయవాడ వైపు నుంచి సీతానగరం వైపు ముఖం పెట్టి నిలబడ్డారనుకోండి. నిండుగా నీళ్ళున్న ఎగువ కుడిచేతి వైపు, ఇసుక తిన్నెల దిగువ ఎడమచేతి వైపు. ఇప్పుడు ఊహలో అర కిలోమీటరు ముందుకు వెళ్ళండి. ఏమీ మారలేదు, కష్టమూ లేదు. ఈసారి ఉన్నచోటే వెనక్కి తిరిగినట్టు ఊహించి, నీళ్ళు ఏ చేతి వైపో చెప్పండి. ఒక్క క్షణం తడబాటు వస్తుంది. బెంజి సర్కిల్ ఇంకా మంచి ఉదాహరణ, ఎందుకంటే అక్కడ చోటు మారదు, ముఖం ఒక్కటే మారుతుంది. గుంటూరు నుంచి కృష్ణ మీది వారధి దాటి వచ్చి ఆగితే ఎదురుగా రామవరప్పాడు, ఎడమకు బస్టాండు, కుడికి పటమట. బస్టాండు నుంచి బందరు రోడ్డు మీద వచ్చి అక్కడే ఆగితే ఎదురుగా పటమట, ఎడమకు రామవరప్పాడు, కుడికి వారధి. మొదటి దారి అలవాటున్నవాళ్ళు రెండో దారిని ఊహలో కట్టుకోవడానికి పడే అవస్థే మీ మ్యాపు అవస్థ.

దీన్ని 1989లో మనస్తత్వ పరిశోధకుడు జాన్ రీజర్ ప్రయోగంలో కొలిచారు. గదిలోని వస్తువుల స్థానాలు గుర్తుపెట్టుకున్నవాళ్ళు కళ్ళు మూసుకుని వేరే చోటికి జరిగినట్టు ఊహించి వాటివైపు వేలు చూపించగలిగారు. ఉన్నచోటే తిరిగినట్టు ఊహించమన్నప్పుడు మాత్రం ఆలస్యం, తప్పులు పెరిగాయి. కోణం పెద్దదయ్యేకొద్దీ ఇంకా పెరిగాయి. మనుషులను కళ్ళకు గంత కట్టి నిజంగా తిప్పితే కష్టం దాదాపు పోయింది. లోచెవిలో ఒక్కోవైపు మూడేసి అర్ధవర్తుల కుల్యలు, అంటే సగం వలయాల్లాంటి సన్నని గొట్టాలు, ఉంటాయి. తల తిరిగితే అవి వెంటనే పట్టేస్తాయి. మనం ప్రయత్నించకుండానే లోపలి లెక్క సర్దుకుపోతుంది. ఫారెల్, రాబర్ట్‌సన్ 1998లో దీన్ని తిరగేసి చూపించారు: మనిషిని నిజంగా తిప్పి, “తిరగనట్టే అనుకుని చూపించు” అంటే అదీ కష్టమే. శరీరం చేసిన సర్దుబాటును మనసు రద్దు చెయ్యలేకపోతుంది.

ఇంట్లో చేసి చూసుకోవచ్చు. తిరిగే ఆఫీసు కుర్చీ, కళ్ళకు కట్టే గుడ్డ, ఫోన్లో స్టాప్‌వాచ్, ఒక తోడు మనిషి చాలు. కుర్చీని గది మధ్యలో పెట్టి చుట్టూ ఆరు వస్తువులు ఎంచుకోండి. అన్నీ సరిగ్గా ముందు, వెనక, పక్కల రాకూడదు. అలా వస్తే ఊహ అక్కర్లేకుండా మాటలతోనే లెక్క కట్టేస్తారు. రెండు నిమిషాలు చూసి కళ్ళు కట్టుకోండి. ముందు ఉన్నవి ఉన్నట్టు చూపించండి. ఇక్కడే ఇరవై డిగ్రీలకు మించి తప్పితే గుర్తు సరిగ్గా పడలేదని అర్థం, మళ్ళీ చూడండి. తర్వాత మూడు విడతలు: అదే వైపు ముఖంతో కుడికి రెండు అడుగులు జరిగినట్టు ఊహ, ఉన్నచోటే కుడికి 135 డిగ్రీలు తిరిగినట్టు ఊహ, తోడు మనిషి కుర్చీని నిజంగా 135 డిగ్రీలు తిప్పడం. విడతకు ఆరు వస్తువులు, ప్రతిసారీ వరస మార్చాలి. పేరు చెప్పినప్పటి నుంచి వేలు నిలిచేదాకా సమయం చూడండి. మొదటిదీ మూడోదీ దగ్గర దగ్గరగా వస్తాయి, మధ్యది వేరే లోకం.

సరిగ్గా రాకపోతే కారణాలు సాధారణంగా ఇవే. తోడు మనిషి ఒకేచోట నిలబడి పేర్లు పిలిస్తే ఆ గొంతే దిక్సూచి అయిపోతుంది, కాబట్టి కుర్చీతో పాటు వెనకే తిరగాలి. టీవీ, కిటికీలోంచి ఎండ వేడి, రోడ్డు మీద హారన్లు, టేబుల్ ఫ్యాను గాలి, అన్నీ దొంగ సాక్ష్యాలే. కుర్చీని సెకనుకు ఒకటి రెండు డిగ్రీల కంటే నెమ్మదిగా తిప్పితే లోచెవికి తెలియకపోవచ్చు. గిరగిరా నాలుగు చుట్లు తిప్పి ఆపితే ఎదురు దిశలో తిరుగుతున్నట్టు అనిపించి లెక్కంతా చెడుతుంది. ఒకే ఊపున, నాలుగైదు సెకన్లలో తిప్పి మెత్తగా ఆపండి. 135 బదులు 180 పెట్టకండి. దాని సంగతి కింద డ్యాన్సు దగ్గర చెబుతాను.

ఊహ అంటే తలలో ఆడే సినిమా అని చాలామంది అనుకుంటారు. శరీరం ప్రమేయం ఎంత ఉందో చేతుల ఫొటోలతో బాగా తెలుస్తుంది. ఎడమచేతివి ఇరవై, కుడిచేతివి ఇరవై ఫొటోలు రకరకాల కోణాల్లో తీసి, కలిపేసి, ఒక్కొక్కటీ ఏ చెయ్యో చెప్పండి. వేళ్ళు ఒంటి మధ్యకు తిరిగిన ఫొటోలు త్వరగా తేలతాయి, బయటికి తిరిగినవి ఆలస్యం. కాగితం మీద కోణం అంతే అయినా, నిజం చెయ్యి అలా తిప్పడం కష్టం కాబట్టి ఊహలోని చెయ్యికీ కష్టమే. లారెన్స్ పార్సన్స్ 1987లో చూపించింది ఇదే. ఘనాలతో కట్టిన రెండు బొమ్మలు చూపించి రెండూ ఒకటేనా అని అడుగుతూ షెపర్డ్, మెట్జ్‌లర్ 1971లో చేసిన ప్రయోగంలో ఈ పక్షపాతం లేదు. అక్కడ కోణం ఎంత పెరిగితే సమయం అంత, సుమారు సెకనుకు 60 డిగ్రీల చొప్పున. వస్తువును తిప్పడం ఒక పని, మనల్ని మనం తిప్పుకోవడం ఇంకో పని. పోటీ పరీక్షల పుస్తకాల్లో ఘనాలు, పాచికల లెక్కలు వందలు చేసినవాళ్ళు కూడా మ్యాపు దగ్గర తడబడేది అందుకే. మీ అమ్మాయికి అలాంటి పుస్తకం కొనిపెడితే డ్యాన్సు బాగుపడుతుందని నేననుకోను.

ఈ చేతుల పద్ధతి వైద్యంలోకీ వెళ్ళింది. దీర్ఘకాలపు చేతి నొప్పికి లోరిమర్ మోస్లీ 2004లో రూపొందించిన క్రమంలో రెండు వారాలు కుడి-ఎడమ గుర్తింపు, రెండు వారాలు ఊహలో కదలికలు, రెండు వారాలు అద్దంలో కదలికలు. ఇది ఫిజియోథెరపిస్టు దగ్గర చేయాల్సిన పని. వరస మార్చుకుని అద్దంతో మొదలుపెట్టకండి.

ఇక పైకి-కిందకి సంగతి. నిట్టనిలువు ఏదో మనకు కళ్ళు, లోచెవి, మెడ, పాదాలు కలిసి చెబుతాయి. చీకట్లో పక్కకు పడుకుని వెలుగుతున్న నిలువు గీతను చూస్తే అది తలకు ఎదురువైపు వాలినట్టు కనిపిస్తుంది. హెర్మన్ ఔబర్ట్ 1861లో గమనించిన సంగతి ఇది, పది డిగ్రీలకు పైగా తేడా మామూలే. తలను కొద్దిగా మాత్రమే వంచితే తప్పు తరచు రెండో వైపుకు పోతుంది. వింతేమిటంటే, ఊహ కూడా ఇందులో వేలు పెడుతుంది. వాలు గీతలను మనసులో చూస్తూ ఉంటే నిట్టనిలువు అంచనా దెబ్బతింటుందని ఫ్రెడ్ మాస్ట్, స్టీఫెన్ కాస్లిన్, అలాన్ బెర్తోజ్ 1999లో చూపించారు.

దీన్ని కొలవడానికి క్లినిక్కుల్లో వాడే చవకైన పరికరం బకెట్. వెలుతురు చొరబడని, ముఖం పట్టేంత ప్లాస్టిక్ బకెట్ తీసుకోండి. లోపల అడుగున మధ్యగా ఒక తిన్నని గీత గీయండి. బయట అడుగున అదే గీతకు సరిపోయేలా స్కూలు కోణమానిని అంటించి, దాని మధ్య నుంచి దారానికి చిన్న బరువు కట్టి వేలాడదీయండి. నిటారుగా కూర్చుని ముఖం బకెట్లో పెట్టాలి, అంచులు గానీ నేల గానీ కనపడకూడదు. తోడు మనిషి బకెట్‌ను ఇరవై డిగ్రీలకు పైగా పక్కకు తిప్పి, అక్కడి నుంచి మెల్లగా వెనక్కి తెస్తారు. గీత నిలువుగా అనిపించగానే ఆపమనండి. ఒకసారి ఎడమ నుంచి, ఒకసారి కుడి నుంచి, మొత్తం పదిసార్లు చేసి సగటు తీయండి. మామూలు మనిషికి సగటు రెండున్నర డిగ్రీల లోపే ఉంటుంది. తర్వాత ఒళ్ళు కదల్చకుండా, కుడి భుజం మీదికి ఒరిగిపోయినట్టు ఊహిస్తూ మరో పది. చివరగా తలను నిజంగా వంచి మరో పది. ఊహ ప్రభావం అందరికీ ఒకేలా రాదు, వచ్చినా చిన్నదే. ఒక్కోసారి కనిపించే ఒకటి రెండు డిగ్రీల తేడాను పట్టించుకోకండి. ఊహ విడతలో తెలియకుండా మెడ వంగిపోవడం దాదాపు అందరూ చేసే తప్పు, తోడు మనిషి కనిపెట్టి చూడాలి. ఊహ లేకుండానే సగటు ఒకేవైపు బాగా తప్పుతూ, దానితో కళ్ళు తిరగడం కూడా ఉంటే బకెట్ పక్కన పెట్టి చెవి-ముక్కు-గొంతు డాక్టరును చూడండి.

ఇలాంటి విషయాల్లో అతిశయోక్తులూ ఉన్నాయి. బరువైన సంచి మోస్తే కొండ ఎక్కువ నిటారుగా కనిపిస్తుందని 1999లో భల్లా, ప్రాఫిట్ రాశారు, చాలామంది దాన్నే చెబుతూ వచ్చారు. 2009లో డర్గిన్ బృందం సంచికి వేరే సాకు చెప్పి మోయిస్తే ఆ తేడా కనపడలేదు. అంతకుముందు జనం, ప్రయోగం దేనికోసమో ఊహించి దానికి తగ్గట్టు జవాబిచ్చారన్నమాట. ఇంద్రకీలాద్రి మెట్లు సామాను మోస్తే ఎక్కువనిపించడం ఆయాసం వల్ల. చూపు మారిందనడానికి అది ఆధారం కాదు.

ఇప్పుడు మీ అమ్మాయి డ్యాన్సు. ఎదురుగా ఉన్న టీచరు శరీరంలోకి ఊహలో దూరాలంటే 180 డిగ్రీలు తిరగాలి, అంటే అన్నిటికంటే పెద్ద కోణం. పిల్లలు త్వరలోనే ఒక కిటుకు పట్టేస్తారు: “ఏది కనిపిస్తే దానికి ఎదురు”. 180 దగ్గర ఇది చక్కగా పనిచేస్తుంది. టీచరు కాస్త ఏటవాలుగా తిరగగానే కూలిపోతుంది. తిరిగే అడుగులున్న జతుల్లో తప్పులు కుప్పలుగా వచ్చేది ఇక్కడే. కిటుకు వాడుతోందా, నిజంగా తిరుగుతోందా అని తెలుసుకోవాలంటే టీచరుగారిని 120 డిగ్రీల కోణంలో నిలబడి అదే హస్తం చూపించమనండి. ఎదురుగా ఉన్నప్పుడు సరిగ్గా చేసి ఇక్కడ తప్పితే అది కిటుకే.

దిద్దుబాటు పాదాల నుంచి మొదలవ్వాలి. కెస్లర్, థామ్సన్ 2010లో చేసిన ప్రయోగాల్లో, ఊహలో తిరగాల్సిన వైపే ఒళ్ళు ముందుగా కొంచెం తిప్పి కూర్చున్నవాళ్ళు త్వరగా చెప్పగలిగారు, ఎదురువైపు తిప్పినవాళ్ళు ఆలస్యమయ్యారు. కాబట్టి టీచరు కుడికి తిరిగి ఉంటే అమ్మాయి కూడా పాదాలు, నడుము కుడికి ముప్ఫై డిగ్రీలు తిప్పి, మిగిలిందే ఊహలో పూర్తి చెయ్యాలి. మొదటి వారం టీచరు వెనకే, అదే వైపు ముఖంతో. రెండో వారం టీచరు 45 డిగ్రీలు, మూడో వారం 90, తర్వాత 135. చివరికి ఎదురుగా. రోజుకు పది నిమిషాలు, ఒక్కో కోణంలో పది పన్నెండు హస్తాలు చాలు. కోణం పెంచిన రోజు వేగం తగ్గించాలి. రెండూ ఒకేసారి పెంచితే పిల్ల మళ్ళీ కిటుకులోకి జారుకుంటుంది. పాదాలు తిప్పడం అలవాటయ్యాక ముప్ఫైని పదికి, తర్వాత భుజం కదలికకు తగ్గించండి. అద్దం ముందు సాధన ఈ దశలో వద్దు. అద్దంలోని మనిషి కుడి-ఎడమల లెక్కే వేరు.

కుడి-ఎడమలను మొదట అడగకపోవడం ఇంకో మంచి పని. బార్బరా ట్వెర్‌స్కీ, నాన్సీ ఫ్రాంక్లిన్ 1990లో చూసినదాని ప్రకారం నిలబడ్డట్టు ఊహించుకున్నప్పుడు తల-పాదాల వైపు ఉన్నవి అన్నిటికంటే త్వరగా గుర్తొస్తాయి, తర్వాత ముందు-వెనకలు, అన్నిటికంటే ఆలస్యంగా కుడి-ఎడమలు. ఒంటికి ముందూ వెనకా వేరుగా ఉంటాయి, కుడీ ఎడమా ఒకేలా ఉంటాయి మరి. పడుకున్నట్టు ఊహిస్తే ముందు-వెనకలే మొదటికి వస్తాయి. అందువల్ల “టీచరుగారి ముందు ఏముంది? వెనక ఏముంది?” అని అడిగి, అది కుదిరాక “అయితే కుడి?” అనండి.

పడుకోవడం అన్నాను కాబట్టి రైలు సంగతి. వరంగల్ మీదుగా వచ్చి విశాఖ వెళ్ళే కొన్ని రైళ్ళకు విజయవాడలో ఇంజను రెండో చివర తగిలిస్తారు. బెర్తు మీద నిద్రలో ఉన్నవాళ్ళకు అది తెలియదు. మెలకువ వచ్చాక రైలు వెనక్కి పోతున్నట్టే ఉంటుంది, ఎవరైనా చెప్పినా ఆ భావన పోదు. ఒకే వేగంతో పోయే రైల్లో లోచెవికి చెప్పడానికేమీ ఉండదు, అందుకని పాత దిక్కే కొనసాగుతుంది. పడుకుని సర్దుకోవాలని చూడకండి. లేచి కూర్చుని, పాదాలు కింద పెట్టి, రైలు పోయే వైపు ముఖం తిప్పి, బయట కనిపించిన ఒక్క గుర్తు పేరు పైకి అనండి. చాలామందికి అక్కడే సర్దుకుంటుంది.

చివరికి మ్యాపు. ఫోన్లో మ్యాపును తిప్పడం తప్పేమీ కాదు, మొహమాటపడకండి. కానీ ఎప్పుడూ ముఖం వైపే తిరిగే అమరికలో వాడితే ఊరి మొత్తం బొమ్మ తలలో కట్టుబడదు. వారానికి రెండు రోజులు ఉత్తరం పైన ఉండే అమరికలో పెట్టుకోండి. కుడి-ఎడమలకు బదులు దిక్కులతో ఆలోచించండి. మన ఇళ్ళలో “ఈశాన్యం మూల”, “తూర్పు గుమ్మం” అని ఎలాగూ అంటాం. ఆ మాటలు మనం ఎటు తిరిగినా మారవు కాబట్టి ఊహలో తిప్పే పనే తప్పుతుంది. విజయవాడలో కొండ, కృష్ణ, కాలువలు ఊతమిస్తాయి. గుంటూరు బ్రాడీపేటలో లైన్లూ అడ్డరోడ్లూ గళ్ళుగా ఉండి, ఏ కూడలి చూసినా ఒకేలా ఉంటుంది. అక్కడ 90 డిగ్రీలు తప్పినా నాలుగు వీధులదాకా తప్పు బయటపడదు. అలాంటి చోట మలుపు తిరిగిన ప్రతిసారీ “ఇప్పుడు ముఖం పడమరకు” అని ఒక్క మాట అనుకోవడమే మంచిది.

దారిని ఊహలో సాధన చేసేటప్పుడు బెంజి సర్కిల్ దగ్గర కూర్చుని బెంజి సర్కిల్‌ను వేరే ముఖంతో ఊహించకండి. కెల్లీ, అవ్రామిదిస్, లూమిస్ 2007లో గమనించారు: నేర్చుకున్న గదిలోనే నిలబడి ఊహిస్తే శరీరం అడ్డుపడింది, పక్క గదికి తీసుకెళ్ళాక ఆ అడ్డు పోయింది. ఇంట్లో, ఆ కూడలితో సంబంధం లేని గదిలో, రోజుకు మూడు దారులు: వారధి నుంచి వచ్చి, బస్టాండు నుంచి వచ్చి, రామవరప్పాడు నుంచి వచ్చి. ప్రతిదాంట్లో ముందు ఎదురుగా ఏముందో, తర్వాత వెనక, ఆఖరున చేతుల వైపులు. జవాబు నోటితో కాకుండా చేత్తో చూపించండి. నోరు కిటుకులు వాడుతుంది, చెయ్యి వాడదు.

కళ్ళు తిరిగే జబ్బు, మైగ్రేన్ ఉన్నవాళ్ళు తిరిగే ఊహలు రెండు నిమిషాలకు మించి చెయ్యకండి, కొందరికి వికారం వస్తుంది. రెండు చెవుల్లోనూ సమతౌల్య భాగం దెబ్బతిన్నవాళ్ళకు ఊహలో ఒళ్ళు తిప్పడం కూడా కష్టమవుతుందని 2011లో వచ్చిన పరిశోధనలో ఉంది, కాబట్టి వాళ్ళ పురోగతిని మామూలు వాళ్ళతో పోల్చకండి. ఇంట్లో పెద్దవాళ్ళు ఏళ్ళ తరబడి నడిచిన వీధిలో కొత్తగా దారి తప్పుతుంటే మాత్రం ఈ సాధనలేవీ పెట్టకుండా న్యూరాలజిస్టు దగ్గరికి తీసుకెళ్ళండి.